కట్ట పైన కాదు, కట్ట కింద

మొన్న సాఖర్ పేటలో మగ్గాలు ఆపి చాయ తాగుతూ వుంటే మా బావమరిది అడిగాడు: "ఆనకట్టలకు అపాయపు తరగతులు రాస్తరట గదా బావా! మన హిప్పర్గా చెరువుకు పెద్ద తరగతి వేస్తే, అది తెగుతదన్నట్టేనా?"

కాదు. ఆ తరగతి కట్ట బలాన్ని చెప్పదు. ఒకవేళ తెగితే దిగువన ఎందరి ప్రాణాలకు, ఎంత ఆస్తికి ముప్పో చెబుతుంది. కట్ట ఎంత గట్టిదైనా కింద వూరుంటే తరగతి పెద్దదే. కట్ట శిథిలమైనా కింద బీడు భూమే వుంటే చిన్నదే. కట్ట ఆరోగ్యం వేరే చూడవలసిన లెక్క.

హిప్పర్గా అని మనం పిలిచే ఏక్రూఖ్ చెరువు 1871లో పూర్తయింది. ఆదిలా నదికి అడ్డంగా రెండు కిలోమీటర్లకు పైగా మట్టికట్ట. ఇటువంటి కట్ట అంగుళం కదలకపోయినా, దిగువన ఇళ్లు లేచినకొద్దీ తరగతి పెరుగుతూ పోతుంది. అంటే దానిని రాసేది ఇంజనీరు ఒక్కడే కాదు, జాగా కొని ఇల్లు కట్టే మనం కూడా!

పాత కట్టలంటేనే భయపడేవారు 1961 జూలై 12 గుర్తు చేసుకోవాలి. ఆనాడు పూణె ఎగువన ముందు తెగినది కొత్త పాన్‌షెత్ కట్ట. తూము పని పూర్తిగాక మునుపే వానలకు నీరు నిండింది, కట్ట కుంగింది. సైనికులు ఇసుక సంచులు వేసినా నిలువలేదు. ఆ వరద తాకిడికే దిగువనున్న పాత ఖడక్‌వాస్లా కూడా తెగి, పూణె పేటలు మునిగాయి.

2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం 15 మీటర్లకు మించిన కట్టలను వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి తనిఖీ చేయాలి. ఆపద వేళ ఎవరికి ఎట్లా కబురందించాలో ముందే రాసి పెట్టాలి. మట్టికట్టకు కొద్దిగా నీరు ఊరడం వింత కాదు. తేటగా వచ్చే ఊట ఒక్కసారి బురదగా మారితే మాత్రం లోపలి మట్టి కొట్టుకువస్తున్నదన్నమాట. ఎలుక బొరియలూ, లోతుగా దిగిన చెట్ల వేళ్లూ దానికి దారి చూపుతాయి. పశువులు కాచే పిల్లవాడైనా అది చూస్తే చెప్పవచ్చును.

ఇంతకూ బావమరిది ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. దిగువన నాలా పక్క చవుకగా జాగా వస్తున్నదట. బయానా ఇవ్వకముందే ఆదివారం ఇద్దరమూ వెళ్లి చూశాము. కింది గదిలో రెండు మగ్గాలు, పైన కాపురం అని అతని ఆశ. నాలా ఎక్కడని అడిగాను.

"ఇక్కడనే వుండె" అన్నాడు అమ్మే ఆయన, మేము నిలబడ్డ చోటు చూపుతూ.