రాణి పేరుంది, మరి మోడల్ మాట?

నగ్న ఛాయాచిత్రాలు ఇష్టపడే తీస్తారా, తీయించుకుంటారా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు మాచర్ల దగ్గరి నాగార్జునకొండ గుర్తుకొస్తుంది. అక్కడ దొరికిన నగ్న దేవతా శిల్పం మీద, దానిని చేయించిన ఇక్ష్వాకు రాణి ఖండువుల పేరు చెక్కి ఉంది. ఎహువుల చాంతమూల మహారాజు పత్నిననీ, అవిధవననీ, జీవపుత్రననీ కూడా రాయించుకుంది. దాపరికమేమీ లేదు, ఆ ఇష్టం ఆమెదే.

ఛాయాచిత్రానికైతే ఎదుట సజీవంగా ఒక మనిషి నిలబడాలి. తీసినవాడు పేరు వేసుకుంటాడు గనుక అతని ఇష్టాన్ని నేను శంకించను. మోడల్ ఇష్టమో? డబ్బు పుచ్చుకున్నాక కూడా "ఈ బొమ్మ వద్దు" అనగలిగితేనే దానిని ఎంపిక అంటాను. తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన పదిమందికీ చూపడానికి ఒప్పుకున్నట్టు కాదు. స్త్రీల విషయంలో ఈ తేడాను 2013లో శిక్షాస్మృతికి చేసిన సవరణ గుర్తించింది. 2024లో అమలుకొచ్చిన న్యాయసంహితలోనూ అది ఉంది.