సెకండ్ హ్యాండ్ ట్రాలీ కొంటున్నారా?

సొంత బండి ఉంటే కిరాయిలన్నీ మనవే అనుకుని టాటా ఏస్, దోస్త్ చూస్తున్నారా? రేటొక్కటే పోల్చకండి బాస్! ముందు మీ లోడెంతో లెక్కేసుకోండి. 2005లో వచ్చిన ఏస్ మోసేది సుమారు ముప్పావు టన్ను. 2011లో వచ్చిన దోస్త్‌ది టన్నుంపావు. అంటే 50 కిలోల సిమెంట్ బస్తాలు దీంట్లో 15, దాంట్లో 25. ఇరుకు సందుల్లో వాటర్ క్యాన్లు వేయడానికైతే ఏస్ చాలు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. చల్లటి ఇంజిన్‌నే స్టార్ట్ చేయమనండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉందా? అనుమానించాల్సిందే. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. టైర్లు ఒకవైపే అరిగాయా? వంగి ఛాసిస్ కూడా చూడండి, వెల్డింగ్ అతుకులుంటే వదిలేయండి.

అసలు గండం ఆర్సీలో ఉంటుంది. ఫైనాన్స్ తీరకపోతే అమ్మినోడి బాకీకి మీ బండి ఎత్తుకెళ్తారు. ఎన్‌వోసీ, సంతకాలైన ఫారం 35 చూడందే అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఖర్చూ కలిపాకే బేరమాడండి!