రిపోర్టులో ఆ రెండో ముక్క కూడా చదివించుకోండి



పాప్ స్మియర్ అంటే క్యాన్సర్ టెస్ట్ అనే మనలో చాలామందికి తెలుసు. గర్భసంచి ముఖద్వారం నుంచి చిన్న బ్రష్‌తో కణాలు తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. 1940లలో ఈ పద్ధతిని తెచ్చిన డాక్టర్ పాపనికొలావ్ పేరే దీనికి పెట్టారు. వెతికేది క్యాన్సర్‌గా మారగల కణాల కోసమే. కానీ అదే స్లైడ్‌లో ఒక్కోసారి రోగక్రిములు కూడా కనబడతాయి.

ట్రైకోమోనాస్, క్యాండిడా తరచూ కనబడేవి. అరుదైనవీ ఉన్నాయి. కాపర్ టీ ఉన్నవాళ్లలో ఆక్టినోమైసిస్ అనే బ్యాక్టీరియా, అమీబా, గర్భసంచి ముఖద్వారానికి సోకిన టీబీ గుర్తులు అలాంటివే. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు స్మియర్‌లో దొరికిన కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

అందుకే అక్కా, చెల్లీ, "క్యాన్సర్ లేదు, వెళ్లు" అంటే లేచి వచ్చేయకండి. "ఇంకేమైనా కనబడిందా?" అని అడగండి. క్రిములు కనబడితే రాయడానికి స్మియర్ రిపోర్టులో వేరే చోటు ఉంటుంది. ఆ ముక్క మనకు అర్థమయ్యే భాషలో, కోయలోనో గోండిలోనో, చెప్పించుకోవడం మన హక్కు. ట్రైకోమోనాస్ అయితే భార్య ఒక్కతే మందు మింగితే చాలదు, భర్త కూడా వాడాలి. తమ్ముళ్లూ, ఇది మీ విషయం కూడా. టీబీ అనుమానం ఉంటే ఇంకో పరీక్షతో తేల్చుకోవాలి. ఆక్టినోమైసిస్ కనబడినా ఏ బాధా లేకపోతే సాధారణంగా కాపర్ టీ తీయించాల్సిన పని లేదు.

అయితే స్మియర్‌లో ఏమీ కనబడలేదంటే ఇన్ఫెక్షన్ లేదని కాదు. తెల్లబట్ట, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే దానికి విడిగా చూపించుకోవాల్సిందే. ఇంకో సంగతి. 2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి చేయాల్సింది వీఐఏ టెస్ట్. పలచటి ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూస్తారు. అందులో స్లైడే ఉండదు, కాబట్టి ఈ క్రిములు దొరకవు. మీకు చేసింది ఏ టెస్టో ముందు తెలుసుకోండి.

మనవాళ్లకు ఆసుపత్రి పరీక్షలంటే భయం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అలాగని పరీక్షలే మానేస్తే నష్టపోయేది మన ఆడవాళ్లే. అడిగి, అర్థం చేసుకుని, ఒప్పుకుని చేయించుకుందాం.

చదువుకున్న యువత చేయాల్సిన పని ఉంది. గూడెంలో స్క్రీనింగ్ క్యాంపు పెడితే తోడు వెళ్లండి. ఆమె సరేనంటేనే రిపోర్టు చదివి పెట్టండి, అందులో సంగతి ఊళ్లో చెప్పకండి. కాపీ ఇవ్వకపోతే అడగండి. మందు ఎవరు ఇస్తారో తేలేదాకా కదలకండి.

మన ఒంట్లో ఏముందో ముందు మనకే తెలియాలి.