ఓ పుస్తకం, ఓ చీటీ

మనవాళ్ళెవరైనా కొత్తగా పరిచయమైతే ఏం అడుగుతాం? "మీది ఏ ఊరండీ?" ఆ తర్వాత, "ఎక్కడ పనిచేస్తున్నారు?" మూడో ప్రశ్న దొరక్క కాఫీ కప్పులోకి చూసుకుంటాం. ఆ మూడో ప్రశ్న నాకు మా అత్తగారు నేర్పారు.

మా వీధి మలుపులో ఓ చెక్కపెట్టె ఉంది. అందులోంచి నచ్చిన పుస్తకం తీసుకోవచ్చు, మనదొకటి పెట్టవచ్చు. 2009లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్‌లో టాడ్ బోల్ అనే ఆయన, టీచరుగా పనిచేసిన తన తల్లి జ్ఞాపకార్థం, చిన్న బడి ఆకారంలో ఇలాంటి పెట్టె చేసి ఇంటి ముందు పెట్టారు. అవే 'లిటిల్ ఫ్రీ లైబ్రరీ'లై ఎన్నో దేశాలకు పాకాయి.

కిందటి వేసవిలో మా దగ్గరికొచ్చిన అత్తగారు, తను తెచ్చుకున్న 'బారిష్టరు పార్వతీశం' అందులో పెడతానన్నారు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరే కథ.

"ఇక్కడ తెలుగు ఎవరు చదువుతారత్తయ్యా?" అన్నాను. ఆవిడ వింటేనా! లోపల ఓ చీటీ కూడా పెట్టారు: "మొదటిసారి విమానం ఎక్కి, సీటు బెల్టు పెట్టుకోవడం రాక నేను పడ్డ అవస్థ గుర్తొచ్చి, ఇది చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మీకూ మీ మొదటి ప్రయాణం గుర్తు రావచ్చు."

వారం రోజులు పుస్తకం కదల్లేదు. రెండో వారం మాయమైంది. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చింది, ఇంకో చీటీతో: "అమ్మ పోయాక నాన్నగారిని ఇక్కడికి తీసుకొచ్చాం. మాట్లాడటమే తగ్గించేశారు. మొన్న ఇది చదువుతూ పైకే నవ్వారు. ఇలాంటిదే ఇంకోటి చెప్పగలరా?" కింద ఫోను నంబరు.

తీరా చూస్తే, వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతలే! మూడేళ్ళుగా ఒకే కొట్లో కరివేపాకు కొంటున్నాం. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

"మంచి పుస్తకం, చదవండి" అని మాత్రమే రాసుంటే ఆ జవాబు వచ్చేది కాదేమో. అత్తగారు తన అవస్థ చెప్పుకున్నారు కనకే, అవతలివాళ్ళూ తమ మనసులో మాట చెప్పుకోగలిగారు.

పిల్లలూ, మీకు నచ్చిన పుస్తకం, ఏ భాషదైనా సరే, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు రాసి అందులో పెట్టండి. మీ పేరూ ఫోను నంబరూ అక్కర్లేదు. పెద్దలూ, ఈసారి పండగకి కలిసినప్పుడు ఆ మూడో ప్రశ్న అడిగి చూడండి: "ఈమధ్య ఏం చదివారండీ? ఎందుకు నచ్చింది?"

అత్తగారు తిరిగి ఊరెళ్ళిపోయారు. ఆ పెద్దాయన మాత్రం నేను కనబడితే చాలు, అడుగుతారు: "మీ అత్తగారు ఇప్పుడేం చదువుతున్నారమ్మా?"