పిల్లవాడితో పాటు మీరూ

‘మా వాణ్ణి ఓ ఆర్నెల్లు ఉంచేసుకోండి సార్, ఖర్చు ఎంతైనా ఫర్వాలేదు.’ డీఅడిక్షన్ సెంటర్ల గడప తొక్కే తల్లిదండ్రుల నోట తరచూ వినపడే మాటే ఇది. పదహారేళ్లవాడు గంజాయికి చిక్కితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ విసుగు అర్థం చేసుకోదగిందే. కానీ చట్టం అలా వదిలేసి వెళ్లనివ్వదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. అందులోని 87వ సెక్షన్ ప్రకారం మైనర్లను చేర్చుకోవడం అసాధారణ పరిస్థితుల్లోనే. పెద్దల వార్డులో కలపకూడదు. ఉన్నన్నాళ్లూ తల్లో, తండ్రో, వాళ్లు కుదిర్చిన మనిషో పక్కనే ఉండాలి. చేర్చుకున్న 72 గంటల్లో సంబంధిత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. 30 రోజులు దాటితే వెంటనే మళ్లీ చెప్పాలి. గొలుసులతో కట్టేయడం ఏ వయసువారికైనా నిషిద్ధమే.

ఈ నిబంధనలు తెలిసిన తల్లిదండ్రులు ఎందరు? ‘క్రమశిక్షణ’ పేరిట ఫోన్ లాక్కుని, ఇంటివాళ్లను నెలల తరబడి గేటు దగ్గరే ఆపేసే చోట్లను వైద్యమని ఎలా అనగలం? చేర్చే ముందు సెంటర్ రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. సైకియాట్రిస్టు రోజూ వస్తారా, చదువు సంగతేమిటి, ఇంటికొచ్చాక ఎవరు చూస్తారు అనీ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

చేర్చాలో వద్దో తేల్చుకోలేనివాళ్లు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.