పారిశుద్ధ్య కార్మికుల పింఛను

అయ్యా,

2025 ఆగస్టులో చెన్నై రిప్పన్ భవనం ముందు పారిశుద్ధ్య కార్మికులు 13 రోజులు కూర్చున్నారు. తమ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించవద్దని వారి మొర. ఈ వృత్తిలో ఇంట తెలుగు మాట్లాడేవారు అనేకులు.

మురుగుకాలువలో దిగి మరణించినవాని కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పినది. న్యాయమే. కాని బ్రతికి, నడుము వంగినవారి మాటేమి? కంట్రాక్టరు మారినప్పుడల్లా వారి సర్వీసు మళ్లీ మొదటికి వస్తుంది. కుర్చీలో కూర్చుని కాగితాలు వ్రాసిన నాకు నెలనెలా పింఛను వస్తున్నది. కంట్రాక్టు మీద వీధులూడ్చిన తల్లికి రాదు.

కంట్రాక్టు కాలాన్ని కూడ సర్వీసుగా లెక్కించి పింఛను ఇవ్వడం నగరపాలక సంస్థల విధి. ఇక్కడి తెలుగు సంఘాలవారు ఇందుకై మహజరు పంపవలెనని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా, చెన్నై