కొత్త ల్యాప్‌టాప్‌లో పాత విండోస్ ఎందుకు?



సంఘానికి కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడల్లా వినబడే మాట ఒకటుంది: "అయ్యగారూ, ఇందులో మన పాత విండోస్ 7 వేయిద్దామండి." అడిగేవారిని మేము తప్పు పట్టము. ఏళ్ల తరబడి టైపు చేసిన పాటలన్నీ యూనికోడ్‌కు ముందున్న ఫాంట్లలో ఉన్నాయి. టైపు చేసే చేతులు ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి. అయినా కొత్త యంత్రం మీద పాత విండోస్ ఎక్కించడం మంచిది కాదని మా అభిప్రాయము.

మొదటి సంగతి, యంత్రమే ఒప్పుకోదు. విండోస్ 7 వచ్చింది 2009లో. యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు అందులో లేవు. అందుకే పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడితే మధ్యలో డ్రైవర్ అడిగి ఆగిపోతుంది, మౌసు కూడా కదలదు. ఎన్‌వీఎమ్‌ఈ రకం ఎస్‌ఎస్‌డీ దానికి కనబడదు. పైగా దానికి కావలసిన పాత బయోస్ పద్ధతిని చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో తీసేశారు. తిప్పలు పడి ఎక్కించేవారు లేకపోలేదు. కానీ డిస్‌ప్లే డ్రైవర్ దొరకకపోతే ప్రొజెక్టరుకు బొమ్మ పోదు. పాటలు తెర మీద చూపడానికే కదా మనం ల్యాప్‌టాప్ కొన్నది!

రెండవది భద్రత. విండోస్ 7కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2017 మే నెలలో వచ్చిన వాన్నాక్రై గుర్తుందా? దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అది వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా దెబ్బతిన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. సంఘపు ల్యాప్‌టాప్‌లో పాటలే కాదు, కానుకల లెక్కలు, కుటుంబాల ఫోన్ నంబర్లు ఉంటాయి. అందరి పెన్‌డ్రైవ్‌లూ దానికే పెడతారు. నమ్మి ఇచ్చిన వివరాలను కాపాడవలసిన బాధ్యత మనది.

"కొత్త విండోస్ ఆరాధన మధ్యలో అప్‌డేట్ అంటూ ఆగిపోతుంది" అని కొందరంటారు. అది నిజమైన ఇబ్బందే. సెట్టింగుల్లో అప్‌డేట్లను కొన్నాళ్లు నిలిపి ఉంచవచ్చు. శనివారం సాయంత్రమే వేసేసుకుంటే ఆదివారం ఆ బెడద ఉండదు.

మరి పాత పాటల సంగతి? పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే ఇంటర్నెట్ కలపకుండా అలాగే ఉంచండి. లేదా వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది కొత్త విండోస్ లోపలే పాత విండోస్‌కు ఒక గది కట్టి ఇస్తుంది. మన దగ్గరున్న అసలు కాపీని అందులో వేసుకొని, నెట్ కలపకుండా వాడుకోవచ్చు. అయితే ఇది తాత్కాలికమే.

అసలు పని పాటలను యూనికోడ్‌లోకి మార్చడము. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గాని, ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెదురుతాయి. యౌవనస్థులు వారానికి పది పాటలు మార్చి, పాటలు కంఠతా వచ్చిన పెద్దల దగ్గర కూర్చొని సరిచూడాలి. మారిన పాట ఫోనులోనూ తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది.

ఆ పాటలు టైపు చేసినవారిలో కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. పాత హార్డ్‌డిస్క్ పోతే వారి కష్టమంతా దానితోనే పోతుంది. కాబట్టి పాత విండోస్ కోసం వెతికే సమయము ఈ పనికి ఇవ్వమని మనవి చేస్తున్నాము. ఈ శనివారమే మొదటి పది పాటలతో ప్రారంభిద్దాము.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.